తొమ్మిది వందల ఏళ్ల ఆక్స్‌ఫర్డ్‌లో ఎం.బి.ఎ. 1996 దాకా ఎందుకు లేదు?

వాణిజ్య బోధకుడు (ప్రశ్న)

డిగ్రీ కళాశాలలో వాణిజ్యశాస్త్రం చెబుతుంటాను. మేనేజ్‌మెంట్ విద్య ఎలా పుట్టి పెరిగిందో చెప్పే పాఠానికి వచ్చినప్పుడు సంవత్సరాలను వరుసగా బోర్డు మీద రాస్తే, పిల్లలు ఒకచోట తప్పకుండా ఆగి ప్రశ్న వేస్తారు. ఫిలడెల్ఫియాలో జోసెఫ్ వార్టన్ అనే ఉక్కు, నికెల్ వ్యాపారి లక్ష డాలర్లిచ్చి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వ్యాపార విద్యాశాల పెట్టించింది 1881లో. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1908లో వచ్చింది. మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1957లోనే ఎం.బి.ఎ. మొదలుపెట్టింది. కలకత్తా, అహ్మదాబాదు ఐ.ఐ.ఎం.లు 1961 నాటివి. 1096 నాటికే బోధన సాగినట్టు ఆధారాలున్న ఆక్స్‌ఫర్డ్‌లో మాత్రం తొలి ఎం.బి.ఎ. తరగతి 1996లో మొదలైంది. అంటే ఈ విషయంలో విశాఖలోని వాల్తేరు ఆక్స్‌ఫర్డ్ కంటే సుమారు నలభై ఏళ్లు ముందుంది.

దీనికి అందరూ చెప్పే జవాబు ఒకటుంది: ఇంగ్లండులో పెద్దమనుషులు వర్తకాన్ని చిన్నచూపు చూసేవారు, గ్రీకు, లాటిన్ చదివినవాడే చదువుకున్నవాడనే భావన ఉండేది, అందువల్ల ఆలస్యమైంది అని. ఈ జవాబు నాకు పూర్తిగా రుచించదు. చిన్నచూపే కారణమైతే 1996లో అది ఒక్కసారిగా ఎక్కడికి పోయింది? పాత విశ్వవిద్యాలయంలో బిజినెస్ స్కూల్ ఎదిగిన తీరును దగ్గరగా గమనించినవారు ఎవరైనా వివరంగా చెబితే, తరగతిలో ఆ వివరాలతోనే పాఠం చెప్పుకుంటాను. డబ్బు ఎవరిచ్చారు, ఎవరు అడ్డుపడ్డారు, ఏ మాట మీద అడ్డుపడ్డారు అన్నవి నాకు ముఖ్యం.

గౌతమీతీరం

బోధకుడు గారూ, మీ అనుమానం సరైనదే. చిన్నచూపు ఉన్నమాట నిజమే గానీ, అసలు చిక్కు ఆక్స్‌ఫర్డ్ పాలనలో ఉంది. అక్కడ విశ్వవిద్యాలయం వేరు, కళాశాలలు వేరు. ఒక్కొక్క కళాశాలకు సొంత ఆస్తి, సొంత పాలకవర్గం, సొంత ఫెలోలు ఉంటారు. విశ్వవిద్యాలయం మొత్తానికి కాంగ్రిగేషన్ అనే సభ సర్వాధికారి. అందులో బోధకులు, ఉన్నతోద్యోగులు సభ్యులు, అంటే కొన్ని వేలమంది. వైస్ ఛాన్సలర్ ఒక ప్రతిపాదన తెస్తే ఆ సభ చర్చించి, ఓటు వేసి కాదనగలదు. మన దగ్గర కులపతి, ఉపకులపతి, పాలకమండలి అనే వరుసకు అలవాటుపడిన కళ్లకు ఇది నమ్మశక్యంగా ఉండదు. 1985లో ప్రధానిగా ఉన్న మార్గరెట్ థాచర్‌కు, అదీ అక్కడే రసాయనశాస్త్రం చదివిన పూర్వ విద్యార్థినికి, గౌరవ డాక్టరేటు ఇవ్వడానికి ఆ సభ 738–319 ఓట్లతో నిరాకరించింది. విశ్వవిద్యాలయాలకు నిధులు కోసిన ప్రధానికి గౌరవమేమిటన్నది వారి కోపం. ఇటువంటి సభ ఉన్నచోట ఏ కొత్త శాఖైనా దాత చెక్కు రాసినంత మాత్రాన పుట్టదు.

ఇక కథ. 1996 కంటే ముందే ఆక్స్‌ఫర్డ్‌కు కనీసం రెండు అవకాశాలు వచ్చి చేజారాయి. మొదటిది 1937లో. ఊరి శివారు కౌలీలో కార్ల కర్మాగారం పెట్టి కోటీశ్వరుడైన విలియం మోరిస్, అంటే లార్డ్ నఫీల్డ్, కోట దగ్గర కాలువ రేవు స్థలంతో పాటు దాదాపు పది లక్షల పౌండ్లు ఇస్తానన్నాడు. ఆయన కోరింది ఇంజనీరింగు, అకౌంటింగు వంటి పనికొచ్చే విద్యలు చెప్పే కళాశాల. అప్పటి వైస్ ఛాన్సలర్ లిండ్సే ఆయనకు నచ్చజెప్పి, సమాజశాస్త్రాల పరిశోధన కళాశాలగా దాన్ని మార్పించాడు. నఫీల్డ్ కళాశాల మంచి పేరు తెచ్చుకుంది, అది వేరే సంగతి. కానీ తాను అడిగింది ఒకటి, తనకు దక్కింది ఇంకొకటి అన్న కినుక ఆ కార్ల యజమానికి చాలాకాలం పోలేదు. కాస్త వేరేగా జరిగి ఉంటే ఆక్స్‌ఫర్డ్ బిజినెస్ స్కూల్ 1940లలో, అదీ ఊరికి అన్నం పెట్టిన పరిశ్రమ పేరు మీద వచ్చి ఉండేది.

రెండో అవకాశం 1963లో. బ్రిటనుకు అమెరికా తరహా బిజినెస్ స్కూళ్లు ఎక్కడ కావాలో చెప్పమని అడిగితే లార్డ్ ఫ్రాంక్స్ నివేదిక ఇచ్చాడు. ఆయన స్వయానా ఆక్స్‌ఫర్డ్‌లోని వూస్టర్ కళాశాలకు ప్రోవోస్టు, అంటే అధిపతి. అయినా లండన్, మాంచెస్టర్ నగరాలనే సూచించాడు; ఆ రెండు స్కూళ్లూ 1960ల మధ్యలో వచ్చాయి. పరిశ్రమలూ బ్యాంకులూ ఉన్నచోట స్కూలు ఉండాలన్న వాదనలో తప్పు లేదు గానీ, తన సొంత విశ్వవిద్యాలయం లోపలి తీరు తెలిసినవాడు కాబట్టే అటు చూపు తిప్పలేదేమో అని నాకనిపిస్తుంది. ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్ పాలన మీదే విచారణ సంఘానికి అధ్యక్షుడై 1966లో పెద్ద నివేదిక సమర్పించిందీ ఆయనే.

ఆ రోజుల్లోనే, 1965లో, ఆక్స్‌ఫర్డ్‌లో ఒక మధ్యేమార్గం పుట్టింది. బ్రేస్‌నోస్ కళాశాల కోశాధికారి నార్మన్ లేలండ్ వంటివారి పూనికతో ఆక్స్‌ఫర్డ్ సెంటర్ ఫర్ మేనేజ్‌మెంట్ స్టడీస్ ఏర్పడింది. పేరులో ఆక్స్‌ఫర్డ్ ఉంది, కానీ అది విశ్వవిద్యాలయంలో పూర్తి అంగం కాదు. కొంతకాలానికి ఊరి దక్షిణాన, బైపాస్ రోడ్డు అవతల కెన్నింగ్టన్‌లోని ఎగ్రోవ్ పార్క్‌లో భవనాలు కట్టుకుంది. ఉద్యోగంలో ఉన్న మేనేజర్లు కొన్ని వారాలపాటు వచ్చి చదువుకుని వెళ్లే కోర్సులు దాని ప్రధాన పని. 1980లలో జాన్ టెంపుల్టన్, అంటే ఒకప్పుడు రోడ్స్ స్కాలర్‌గా బాలియల్ కళాశాలలో చదివి, పెట్టుబడి రంగంలో ధనవంతుడైన ఆయన, భారీ విరాళమిచ్చి తన తల్లిదండ్రుల పేరు పెట్టించడంతో టెంపుల్టన్ కళాశాల అయింది. ఉమ్మడి కుటుంబంలో వేరు కాపురం పెట్టుకున్న కొడుకు చందం అది: పండుగకు పిలుపు ఉంటుంది, పొలం పంపకంలో మాట ఉండదు.

విశ్వవిద్యాలయం తన సొంత స్కూల్ ఆఫ్ మేనేజ్‌మెంట్ స్టడీస్‌ను 1990లో పెట్టుకుంది. దానికి భవనం లేదు, చెప్పుకోదగ్గ నిధీ లేదు. అసలు కథ 1996లో మొదలైంది. సిరియాలో పుట్టిన వ్యాపారి వాఫిక్ సయీద్ 2 కోట్ల పౌండ్లు ఇస్తానన్నాడు. విశ్వవిద్యాలయం అంతే మొత్తాన్ని మరోచోటి నుంచి జత చేయాలి, స్థలం చూపించాలి. వారు చూపించిన స్థలం మాన్స్‌ఫీల్డ్ రోడ్డులోని ఆటస్థలం. గొడవ అక్కడే వచ్చింది. ఆ మైదానాన్ని ఎప్పటికీ ఖాళీగానే ఉంచుతామని కాంగ్రిగేషన్ గతంలో మాటిచ్చి ఉంది. 1996 నవంబరు 5న ఓటింగు పెడితే 259–214తో ప్రతిపాదన వీగిపోయింది.

ఓడినవారు, మీరు చెప్పిన వాదననే ఎత్తుకుని, వ్యాపారం అంటే గిట్టని పండితులు మంచి అవకాశాన్ని తన్నేశారని పత్రికల్లో వాపోయారు. సభలో గట్టిగా వినిపించిన అభ్యంతరాలు చూస్తే మూడు రకాలు. మైదానం మాట తప్పకూడదని కొందరు. స్కూలు డైరెక్టర్ నియామకంలో దాత తరఫు ఫౌండేషన్‌కు ఎంత మాట ఉండాలో తేలాలని కొందరు. బ్రిటన్–సౌదీ అల్-యమామా ఆయుధ ఒప్పందంలో సయీద్ మధ్యవర్తిత్వం గురించి పత్రికల్లో వచ్చిన కథనాలను పట్టుకుని, డబ్బు ఎక్కడిదని అడిగినవారు మరికొందరు. తాను ఆయుధాల వ్యాపారిని కానని ఆయన చెబుతూ వచ్చారు. ‘మేనేజ్‌మెంట్ ఒక విద్యేనా’ అని అడిగినవాళ్లూ ఉన్నారు, కానీ ఓటును తిప్పింది వాళ్లు కాదని నా అభిప్రాయం. సాక్ష్యం ఏమిటంటే, మరుసటి సంవత్సరం వేరే స్థలం, దిద్దిన షరతులతో అదే స్కూలు, అదే దాత, అదే సభ ముందుకు వస్తే ఆమోదం దొరికింది. చిన్నచూపు ఏడాదిలో పోదు. స్థలం, షరతులు మాత్రం ఏడాదిలో మారతాయి.

ఆ రెండో స్థలం రైల్వే స్టేషను పక్కది. అక్కడ 1851 నాటి రెవ్లీ రోడ్ స్టేషను ఉండేది. లండన్ క్రిస్టల్ ప్యాలెస్ తరహాలో పోత ఇనుప ముక్కలను బిగించి కట్టిన కట్టడం. ప్రయాణికుల రైళ్లు 1951లోనే ఆగిపోగా, ఆ తర్వాత టైర్ల దుకాణంగా వాడుకున్నారు. రక్షిత కట్టడం కనుక పడగొట్టడానికి వీల్లేదు. బోల్టు బోల్టు విప్పి, బకింగ్‌హంషైర్‌లోని క్వెయిన్టన్ రైల్వే ప్రదర్శనశాలకు తరలించి మళ్లీ నిలబెట్టారు. ఖాళీ అయినచోట డిక్సన్ జోన్స్ సంస్థ గీసిన నమూనాతో, మెట్లుమెట్లుగా పైకి లేచే రాగి రేకుల శిఖరంతో సయీద్ బిజినెస్ స్కూల్ భవనం 2001లో తెరుచుకుంది. లండన్ నుంచి రైలు దిగి బయటికి వచ్చేవాడికి ఆక్స్‌ఫర్డ్‌లో ఎదురయ్యే పెద్ద విద్యాభవనం ఇప్పుడు బిజినెస్ స్కూలే.

నింపాది

గౌతమీతీరం గారూ, వివరాలు బాగున్నాయి గానీ చిన్నచూపును మీరు మరీ తేలిగ్గా తోసేశారు. ఏ సభలోనైనా మనుషులు తమ అసలు కారణం చెప్పరు. సభామర్యాదకు సరిపడే కారణం చెబుతారు. మైదానం మీద ప్రేమ నిజమే అయి ఉండొచ్చు, కానీ అక్కడ కట్టేది రసాయనశాస్త్ర ప్రయోగశాల అయితే అంతమంది చేతులు లేచేవా? దానికి జవాబు ఎవరూ రుజువు చేయలేరు. నఫీల్డ్ కథ మాత్రం నా వాదనకే బలం. కార్లు చేసేవాడి డబ్బు కావాలి, కార్లు చేసే విద్య వద్దు.

కేంబ్రిడ్జ్‌ను పక్కన పెట్టుకుని చూస్తే నేనంటున్నది ఇంకా తేటపడుతుంది. అక్కడ ఇంజనీరింగు శాఖలో 1954 నుంచే మేనేజ్‌మెంట్ బోధిస్తున్నారు. అంటే ఆ విద్య ముందుగానే లోపలికి వచ్చి, ఒక గౌరవనీయమైన శాఖ నీడలో సర్దుకుంది. అందువల్ల 1990లో పాల్, ఆన్ జడ్జ్ దంపతులు 80 లక్షల పౌండ్లిచ్చి జడ్జ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ స్టడీస్ పెట్టించినప్పుడు ఆక్స్‌ఫర్డ్ స్థాయి రణరంగం జరగలేదు. స్థలం కూడా కలిసొచ్చింది. ట్రంపింగ్టన్ వీధిలో 1766 నుంచి నడిచిన ఆడెన్‌బ్రూక్స్ ఆసుపత్రి ఊరి అంచుకు తరలిపోగా ఖాళీ అయిన పాత భవనం ఉంది. వాస్తుశిల్పి జాన్ ఔట్రమ్ దాని ముఖద్వారం అలాగే ఉంచి, లోపల లావుపాటి రంగురంగుల స్తంభాలతో, గాలిలో వేలాడే మెట్లతో కొత్త రూపమిచ్చాడు. కొందరికి అది గుడి మంటపంలా కనిపిస్తే, కొందరికి సర్కసు డేరాలా కనిపిస్తుంది, నాకు నచ్చింది. 1995లో ఎలిజబెత్ రాణి వచ్చి ప్రారంభించారు. ఆ ఏడాదే డైరెక్టరైన శాండ్రా డాసన్ 2006 దాకా కొనసాగారు. పేరు 2005లో జడ్జ్ బిజినెస్ స్కూల్‌గా మారింది. గమనించండి, పదిహేనేళ్లపాటు ‘బిజినెస్ స్కూల్’ అనే మాట బోర్డు మీద పెట్టుకోలేదు. ఆక్స్‌ఫర్డ్ కూడా 1990లో ‘మేనేజ్‌మెంట్ స్టడీస్’ అనే పేరుతోనే మొదలుపెట్టింది. వ్యాపారం అనే మాట పలకడానికి ఆ రెండు ఊళ్లకూ కొంత సమయం పట్టిందని నేనంటే తప్పు పట్టకండి.

స్థలం గురించి ఇంకొక మాట. 1924లో జార్జ్ బేకర్ అనే బ్యాంకరు 50 లక్షల డాలర్లు ఇస్తే, హార్వర్డ్ తన బిజినెస్ స్కూల్‌కు ఛార్లెస్ నది అవతలి ఒడ్డున ప్రాంగణం కట్టింది. మిగతా విశ్వవిద్యాలయం ఇవతలి ఒడ్డున, అమెరికాలోనే ఉన్న ఇంకో కేంబ్రిడ్జ్ పట్నంలో. హార్వర్డ్‌లో నది అవతల, ఆక్స్‌ఫర్డ్‌లో బైపాస్ అవతల, ఆ తర్వాత స్టేషను పక్కన. పాత ప్రాంగణం నడిబొడ్డున బిజినెస్ స్కూల్‌కు చోటు దొరకడం ఎక్కడా సులువు కాలేదు.

వాణిజ్య బోధకుడు

ఇద్దరికీ ధన్యవాదాలు. తరగతికి పనికొచ్చే సామగ్రి దొరికింది. ఇంకొక ప్రశ్న వేస్తాను. డబ్బిచ్చిన వ్యక్తి డైరెక్టర్ ఎంపికలో మాట కోరడం అంత పెద్ద నేరమా? మన దగ్గర జమీందార్లు, మహారాజులు విద్యాసంస్థలకు ఇచ్చినప్పుడు కూడా షరతులు ఉండేవి కదా. అలాగే, మన పాత విశ్వవిద్యాలయాల్లో మేనేజ్‌మెంట్ శాఖలు ముందే పుట్టినా, ఆ స్థాయి స్కూళ్లుగా ఎందుకు ఎదగలేదు? ఈ రెండూ ఒకే ప్రశ్నేమో అని కూడా నాకు అనుమానంగా ఉంది.

ఉక్కునగరం

బోధకుడు గారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు వాల్తేరు నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లిన మనిషి చరిత్రలోనే ఉంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపకులపతిగా పనిచేశారు. 1936లో ఆక్స్‌ఫర్డ్‌కు స్పాల్డింగ్ ఆచార్యులుగా వెళ్లి, ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రం బోధిస్తూ 1952 దాకా ఆ పీఠంలో ఉన్నారు. ఆ పీఠానికి నిధి ఇచ్చింది హెచ్.ఎన్. స్పాల్డింగ్ అనే దాత. ఒక దాత అభిరుచి మేరకు పుట్టిన పీఠమే అది. దాన్ని ఎవరూ మైదానంలో నిలబడి అడ్డుకోలేదు. తేడా ఎక్కడుందంటే, పీఠమన్నది ఉన్న శాఖలో ఒక కుర్చీ. ఆ కుర్చీ పాత నిబంధనలకే లోబడి ఉంటుంది. బిజినెస్ స్కూల్‌కు సొంత భవనం, సొంత ఫీజులు, సొంత జీతాల స్థాయి, సొంత సలహామండలి కావాలి. అంటే దాత అడిగేది ఒక కుర్చీ కాదు, పాలనలో వాటా. గౌతమీతీరం గారు చెప్పిన రెండో అభ్యంతరం అందుకే మిగతా రెండింటికంటే బరువైనదని నేననుకుంటాను. ప్రసంగవశాత్తూ చెబుతున్నాను, రాధాకృష్ణన్ అంతకుముందు ఉపన్యాసాలిచ్చిన మాంచెస్టర్ కళాశాల ఉన్నది కూడా ఆ మాన్స్‌ఫీల్డ్ రోడ్డులోనే.

మన మహారాజుల సంగతి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో పుట్టి 1930లో వాల్తేరు చేరింది. అక్కడ శాస్త్ర సాంకేతిక కళాశాల నిలబడ్డది జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా ఇచ్చిన లక్ష రూపాయల దానంతో. ఆయన పేరు కళాశాలకు పెట్టారు. దాత పేరు భవనానికి ఉండటం ఒక సంగతి, దాత మనిషి పాలకమండలిలో ఉండి డైరెక్టర్‌ను ఎంపిక చేయడం వేరే సంగతి. విశ్వవిద్యాలయాలు మొదటిదాన్ని సంతోషంగా ఒప్పుకుంటాయి, రెండోదాని దగ్గర బిగుసుకుంటాయి. బిగుసుకోవాలి కూడా.

రెండో ప్రశ్నకు నా జవాబు కాస్త కటువుగా ఉంటుంది. మన దగ్గర మేనేజ్‌మెంట్ శాఖ లోపలికి రావడానికి ఎవరూ అడ్డుపడలేదు. కేంబ్రిడ్జ్‌లో ఇంజనీరింగు నీడలో వచ్చినట్టే మన దగ్గర వాణిజ్యశాస్త్రం నీడలో వచ్చింది. ఆంధ్రలో నేటికీ శాఖ పేరు కామర్స్ అండ్ మేనేజ్‌మెంట్ స్టడీస్. ఉస్మానియాలోనూ కామర్సు, బిజినెస్ మేనేజ్‌మెంట్ కలిసే ఒక కళాశాల పేరులో ఉంటాయి. లోపలికి సులువుగా వచ్చిన శాఖకు స్వాతంత్ర్యం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఒక కొత్త ఎలక్టివ్ పెట్టాలంటే బోర్డ్ ఆఫ్ స్టడీస్ కూర్చోవాలి, ఆపై అకడమిక్ కౌన్సిల్. ప్రవేశాలు ఐసెట్ ర్యాంకుల మీద, ఫీజు ప్రభుత్వం చెప్పినంత. ఆచార్యుల ఖాళీ నింపాలంటే ఏళ్లు పడుతుంది. అందాకా గెస్టు లెక్చరర్లతో నడుస్తుంది. సంస్థలతో ఒప్పందం చేసుకుని మేనేజర్లకు వారం రోజుల శిక్షణ పెడితే వచ్చిన సొమ్ము విశ్వవిద్యాలయ ఖాతాలోకి వెళ్తుంది, అందులో కొంత తిరిగి రావడానికి శాఖాధిపతి ఫైలు పట్టుకుని రిజిస్ట్రారు కార్యాలయం చుట్టూ తిరగాలి. ఈ ఇబ్బంది తెలిసే కాబోలు, భారత ప్రభుత్వం 1961లో ఐ.ఐ.ఎం.లను ఏ విశ్వవిద్యాలయంలోనూ కలపకుండా విడిగా పెట్టింది. దానికి మూల్యంగా అవి 2017 చట్టం వచ్చేదాకా డిగ్రీ ఇవ్వలేక డిప్లొమాలే ఇచ్చాయి. హైదరాబాదు గచ్చిబౌలిలో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌ను (ఐ.ఎస్.బి.) 2001 డిసెంబరులో ప్రధాని వాజపేయి ప్రారంభించారు. అంటే ఆక్స్‌ఫర్డ్ స్టేషను పక్కన భవనం తెరుచుకున్న ఏడాదే. ఐ.ఎస్.బి.కి ఏ పాత విశ్వవిద్యాలయమూ తల్లి కాదు; అమెరికాలోని వార్టన్, కెలాగ్ స్కూళ్లు, లండన్ బిజినెస్ స్కూల్ భాగస్వాములు.

మా ఊళ్లోనే ఇంకొకటి జరిగింది. 2015లో విశాఖకు ఐ.ఐ.ఎం. వచ్చినప్పుడు దానికి సొంత ప్రాంగణం లేదు. గంభీరం దగ్గర భవనాలు లేచేదాకా తరగతులు నడిచింది ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆవరణలోని ఆంధ్రా బ్యాంక్ స్కూల్ ఆఫ్ బిజినెస్ భవనంలో. పాత విశ్వవిద్యాలయం తన బిజినెస్ స్కూల్ కోసం దాత పేరుతో కట్టుకున్న భవనంలో, విశ్వవిద్యాలయానికి ఏ సంబంధమూ లేని కేంద్ర సంస్థ కాపురముంది. అదే ఆవరణలో 1957 నాటి శాఖ తన పాత నిబంధనలతో తాను నడుస్తూనే ఉంది. పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో 1923లో స్థాపించిన ఆ బ్యాంకు కూడా 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

నింపాది

ఉక్కునగరం గారూ, ఫైలు పట్టుకుని తిరగడం ఆక్స్‌ఫర్డ్‌లో లేదనుకోకండి. సయీద్ స్కూల్‌కు తొలి డైరెక్టర్ జాన్ కే, పేరున్న ఆర్థికవేత్త, 1999లోనే వదిలేసి వెళ్లిపోయాడు. కమిటీ మీద కమిటీతో నిర్ణయాలు ఎక్కడా తేలవని, ఎవరికీ బాధ్యత ఉండదని ఆ తర్వాత వ్యాసాల్లో ఘాటుగా రాశాడు. అక్కడి కమిటీలకు కనీసం టీ బాగుంటుందని విన్నాను.

గౌతమీతీరం

జాన్ కే విమర్శలో నిజముంది, కానీ ఆయన వదిలేసిన చోటి నుంచే స్కూలు స్థిరపడిందన్నది కూడా గమనించాలి. ఆయన తర్వాత వచ్చిన ఆంథొనీ హాప్‌వుడ్ అకౌంటింగు పండితుడు. 2006 దాకా ఉండి, విశ్వవిద్యాలయంతో తగవు పెట్టుకోకుండా, దాని కొలతల ప్రకారమే పరిశోధన చేసే బోధకులను తెచ్చుకున్నాడు. ఆ తర్వాత కోలిన్ మేయర్, 2011లో హార్వర్డ్ నుంచి వచ్చిన పీటర్ టుఫానో. ఈ వరుసలో నాకు ముఖ్యంగా కనిపించేది ఏమిటంటే, స్కూలు విశ్వవిద్యాలయం నుంచి వేరుపడటానికి కాక, దాని లోపలికి అల్లుకుపోవడానికి మార్గాలు వెతుక్కుంది. ఎం.బి.ఎ. విద్యార్థి ప్రతి ఒక్కరూ ఏదో ఒక కళాశాలలో సభ్యులు కావాల్సిందే. భోజనశాలలో పక్కన కూర్చునేది చరిత్ర పరిశోధకుడో భౌతికశాస్త్ర విద్యార్థో అవుతారు. టుఫానో కాలంలో ‘వన్ ప్లస్ వన్’ అని ఒక పద్ధతి తెచ్చారు: ఒక ఏడాది ఏదైనా వేరే శాఖలో మాస్టర్స్, మరుసటి ఏడాది ఎం.బి.ఎ. పర్యావరణం చదివినవాడు, ప్రజారోగ్యం చదివినవాడు దానితో బిజినెస్ స్కూల్‌లోకి వస్తాడు. విడిగా, కొత్తగా పెట్టిన సంస్థ ఎంత డబ్బు పెట్టినా ఇది కొనలేదు. పాత విశ్వవిద్యాలయంలో ఉండటం వల్ల దక్కే లాభం ఇదొక్కటే అని కూడా అంటాను.

దాతల విషయంలోనూ తీరు మారింది. 2003లో ఈబే సంస్థ తొలినాటి అధ్యక్షుడు జెఫ్ స్కోల్ ఇచ్చిన నిధితో సామాజిక వ్యాపార దక్షత మీద స్కోల్ కేంద్రం వచ్చినప్పుడు పెద్ద గొడవ లేదు. అది స్కూలు లోపల ఒక కేంద్రం, అంటే ఉక్కునగరం గారు చెప్పిన కుర్చీ లెక్కలోకి వచ్చింది. ఎగ్రోవ్ పార్క్‌లో వేరు కాపురమున్న టెంపుల్టన్ కళాశాల తన మేనేజర్ల శిక్షణను సయీద్ స్కూల్‌కు అప్పగించి, 2008లో గ్రీన్ కళాశాలతో కలిసి గ్రీన్ టెంపుల్టన్ కళాశాల అయింది. గ్రీన్ కళాశాల ప్రధానంగా వైద్యులది. అలా 1965లో విడిగా మొదలైనది నలభై మూడేళ్లకు పూర్తిగా గూటికి చేరింది. ఇక థాచర్‌కు 1985లో డాక్టరేటు ఇవ్వని విశ్వవిద్యాలయంలో, స్టేషను పక్క భవనానికి ఆ తర్వాత చేర్చిన కొత్త భాగానికి ఆమె పేరే పెట్టారు. దానికీ కొందరు విద్యార్థులు, ఆచార్యులు గొణిగారు, కానీ ఈసారి కట్టడం ఆగలేదు.

నింపాది గారి ప్రశ్నకు, అంటే రసాయనశాస్త్ర ప్రయోగశాల అయితే చేతులు లేచేవా అన్నదానికి, నా జవాబు ఇది. తక్కువ లేచేవి. ఎందుకంటే ప్రయోగశాలకు డైరెక్టర్‌ను ఎవరు నియమిస్తారన్న సందేహమే రాదు. మీరు దాన్ని చిన్నచూపు అంటారు, నేను అధికారం గురించిన భయం అంటాను. రెండూ కొంత కలిసే ఉంటాయని ఒప్పుకుంటాను.

వాణిజ్య బోధకుడు

ఈ చర్చను తరగతిలో ఇలా వాడదామనుకుంటున్నాను. విద్యార్థులను రెండు పక్షాలు చేసి, 1996 నవంబరు నాటి కాంగ్రిగేషన్‌గా కూర్చోబెడతాను. దాత షరతులు, మైదానం హామీ, జత చేయాల్సిన 2 కోట్ల పౌండ్లు, ఈ మూడూ కాగితం మీద ఇస్తాను. ఓటు వేసే ముందు ప్రతి పక్షమూ దిద్దిన షరతులతో కొత్త ప్రతిపాదన రాయాలి: డైరెక్టర్‌ను ఎవరు నియమిస్తారు, ఫీజు ఎవరి ఖాతాలో పడుతుంది, బోధకుడికి శాఖ జీతమా స్కూలు జీతమా అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. తర్వాతి వారం అదే కాగితాన్ని మన విశ్వవిద్యాలయ శాఖకు రాయమంటాను. ఐసెట్, అకడమిక్ కౌన్సిల్ ఎక్కడ తగులుతాయో వాళ్లే కనిపెడతారు. స్పాల్డింగ్ పీఠానికీ సయీద్ స్కూల్‌కూ ఉన్న తేడా మొదటి పీరియడ్‌లోనే చెప్పేస్తాను, లేకపోతే వాదన మొత్తం డబ్బు మంచిదా చెడ్డదా అన్నదాని చుట్టూ తిరుగుతుంది.

ఉక్కునగరం

మంచి ఆలోచన. ఒకటి చేర్చండి. బోధకుల పక్షానికి కనీసం ఇద్దరిని వేరే శాఖలవాళ్లుగా, అంటే సంస్కృతం, భూగర్భశాస్త్రం ఆచార్యులుగా కూర్చోబెట్టండి. బిజినెస్ స్కూల్ బోధకుడికి తమకంటే ఎక్కువ జీతం ఇస్తారన్న కాగితం వాళ్ల చేతికిచ్చి చూడండి.